గుండ్రటి తెర నుంచి మా అవ్వ టీవీ దాకా: మన్నిక అంటే ఏమిటి?

ఈసారి గోడపత్రికకు "మన ఇంట్లో పాత వస్తువు" అని అంశం ఇచ్చినప్పుడు మా క్లాసులో సగం మంది రోకలి, తిరగలి, ఇత్తడి బిందె అని రాసిచ్చారు. నేను మా అవ్వ టీవీ గురించి రాస్తానంటే నవ్వారు. "టీవీ పాత వస్తువెట్ల అవుతుందే?" అని అడిగారు. మా ఇంట్లో టీవీ నాకన్నా పెద్దది. దాన్ని 2001 దసరాకు కొన్నారు. నేను అప్పటికి పుట్టనే లేదు. కాబట్టి నా లెక్కలో అది పాతదే.

మాది కుడతిని. బళ్ళారి నుంచి హోస్పేట పోయే రోడ్డు మీద, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దూరం నుంచే కనపడే ఊరు. నాయన వాళ్ళది తెలుగు, అమ్మ వాళ్ళది కన్నడ. నాయన తల్లిని అవ్వ అంటాను, అమ్మ తల్లిని అజ్జి అంటాను. అవ్వకు తెలుగు అక్షరాలు మాత్రమే వచ్చు. ఊళ్ళో బస్సు బోర్డు చదవాలన్నా ఎవరినో ఒకరిని అడగాల్సిందే. ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆమె నడుపుకునే యంత్రం ఒక్క ఆ టీవీయే.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం అందులో బొమ్మ పోయి, నడిమధ్యలో అడ్డంగా ఒక తెల్లగీత మాత్రం మిగిలింది. మాటలు వినబడుతున్నాయి. అవ్వ నన్ను కేకేసి, "ఇదేందే, బొమ్మ పడుకునింది" అంది. నాయన వచ్చి చూసి, ఇంక చాలు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం అన్నాడు. మర్నాడు ఆ మనిషి గేటు దగ్గర నిలబడి 200 రూపాయలు ఇస్తానన్నాడు. అవ్వ ఇవ్వనంది. ఇద్దరి మధ్య నేను నిలబడ్డాను. ఆ సెట్టును బాగుచేయించాలా, పారేయాలా అని తేల్చే పని నా మీద పడింది. అందుకోసం చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

గుండ్రటి తెర ఎందుకు వచ్చింది?

పాత టీవీల గురించి వెతుకుతుంటే ఒక ఫొటో కనపడింది. పెద్ద చెక్కపెట్టె, దాని మధ్యలో గుండ్రటి అద్దం. నేను వాషింగ్ మెషిన్ అనుకున్నాను. తీరా చూస్తే అది అమెరికాలో 1950లు, 60లలో అమ్మిన కలర్ టీవీ. అవ్వకు చూపిస్తే, "గుండ్రంగా ఉంటే మూలల్లో మనుషులు కనపడేదెట్లా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ప్రసారమయ్యే బొమ్మ అప్పుడు కూడా నలుచదరమే, వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు. గుండ్రటి అద్దం ముందు పైనా కిందా తిన్నగా కత్తిరించిన చట్రం పెట్టేవారు. పక్కలు మాత్రం వంపుగానే ఉండేవి. మూలల్లో ఉన్నది కనపడేది కాదు. అందుకే కార్యక్రమాలు తీసేవాళ్ళు పేర్లు, ముఖ్యమైన మనుషులు మూలలకు పోకుండా చూసుకునేవారు.

మరి అంత నష్టం భరించి గుండ్రంగా ఎందుకు చేశారు? జవాబు మన వంటింట్లో ఉంది. కడవ గుండ్రంగా ఎందుకుంటుందో ట్యూబు కూడా అందుకే అట్లా ఉంది. పిక్చర్ ట్యూబు లోపల గాలి ఉండదు. బయట గాలి మాత్రం అన్ని వైపుల నుంచి నొక్కుతూ ఉంటుంది. 21 అంగుళాల అడ్డుకొలత ఉన్న గుండ్రటి అద్దం మీద పడే గాలి బరువు లెక్క వేస్తే సుమారు 2,300 కిలోలు వచ్చింది. రెండు చిన్న కార్ల బరువు! వంపు ఉన్న గుండ్రటి గాజు ఆ బరువును అంతటా సమంగా పంచుకుంటుంది. నలుచదరం చేస్తే మూలల దగ్గర ఒత్తిడి పెరిగి పగిలే ప్రమాదం ఎక్కువ. అంత పెద్ద నలుచదరపు కలర్ ట్యూబును గట్టిగా, వేల సంఖ్యలో చేయడం అప్పటికి చేతకాలేదు.

రెండో కారణం రంగు. కలర్ ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్క ఎలక్ట్రాన్ గన్ ఉంటుంది. తెర వెనక లక్షల కొద్దీ చిన్న రంధ్రాలున్న పలుచటి రేకు ఉంటుంది. దాన్ని షాడో మాస్క్ అంటారు. ఏ గన్ నుంచి వచ్చిన కిరణం ఆ రంగు చుక్క మీదే పడేటట్లు ఆ రేకు చూసుకుంటుంది. మూడు కిరణాలూ తెర అంతటా ఒకే రంధ్రం దగ్గర కలవాలి. మధ్యలో కలపడం సులువు, అంచులకు పోయేకొద్దీ కష్టం. మూలలు అన్నిటికన్నా దూరం కాబట్టి అక్కడ ఇంకా కష్టం. గుండ్రటి తెరకు మూలలే లేవు, కాబట్టి ఆ తిప్పలు కొంత తగ్గాయి.

మొదటి రోజుల కష్టాలు

అమెరికా ప్రభుత్వం కలర్ ప్రసార పద్ధతిని 1953 డిసెంబరులో ఆమోదించింది. 1954లో ఆర్‌సీఏ కంపెనీ సీటీ-100 అనే సెట్టు తెచ్చింది. ధర 1,000 డాలర్లు. అందులో 15 అంగుళాల గుండ్రటి ట్యూబు, ముప్పైకి పైగా వాల్వులు ఉండేవి. ఆ ట్యూబులో గాజును లోహంతో అతికించిన చోట నుంచి ఏళ్ళ తరబడి గాలి కొంచెం కొంచెంగా లోపలికి దూరేది. గాలి చేరిందంటే ట్యూబు పని అయిపోయినట్టే. అందుకే ఆ సెట్టు ఈనాడు నడుస్తూ కనపడడం చాలా అరుదు.

ఆ వెంటనే 21 అంగుళాల గుండ్రటి ట్యూబు వచ్చింది. మొదట్లో దాని గరాటు భాగం లోహంతో చేశారు, తర్వాత మొత్తం గాజుతో చేశారు. ఇక సెట్టు ఇంటికి వస్తే సరిపోయేది కాదు. దాన్ని అమర్చడానికి మనిషి రావాలి. మూడు కిరణాలను కలపడానికి డజను దాకా మరలు తిప్పాలి. పెట్టె తూర్పు గోడ నుంచి ఉత్తరం గోడకు జరిపినా భూమి అయస్కాంత శక్తి వల్ల రంగులు మరకలు పడేవి. అప్పుడు మళ్ళీ మనిషిని పిలిచి, తీగచుట్ట ఒకటి తెర ముందు తిప్పించి, ఆ అయస్కాంతం తీయించాలి. షాడో మాస్క్ రేకు కిరణాల్లో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది కాబట్టి బొమ్మ మసకగా ఉండేది. తెలుపు తెలుపుగా కనపడాలంటే గది చీకటి చేయాలి.

లోపల వాల్వులు వేడికి బలహీనపడేవి. అక్కడి మందుల షాపుల్లో కూడా వాల్వులు పరీక్షించే యంత్రం పెట్టేవారట. జనం ఇంట్లో అనుమానం వచ్చిన వాల్వు పీకి, సంచిలో వేసుకుని పోయి, పరీక్షించుకుని, చెడిపోయింటే కొత్తది కొనుక్కునేవారు. దీన్ని బట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఆ సెట్లు తరచుగా చెడిపోయేవి. రెండు, చెడిపోతే ఏం చేయాలో మామూలు మనుషులకు కూడా తెలిసేది.

చివరి ఏళ్ళు

ఇప్పుడు నా వ్యాసానికి ముఖ్యమైన భాగం. 1963లో మోటరోలా 23 అంగుళాల నలుచదరపు కలర్ ట్యూబుతో సెట్టు తెచ్చింది. కొద్దికాలానికే ఆర్‌సీఏ కూడా 25 అంగుళాల నలుచదరపు ట్యూబు వైపు మళ్ళింది. కొత్త ట్యూబులో కిరణం 90 డిగ్రీల దాకా వంగేది. గుండ్రటి దానిలో 70 డిగ్రీలే. అంటే కొత్త ట్యూబు మెడ పొట్టి, పెట్టె లోతు తక్కువ, గోడకు ఆనించి పెట్టుకోవచ్చు. మూలలు కూడా కనపడతాయి. ఇంకేం, జనం అటు పోయారు. గుండ్రటి తెర తక్కువ ధర సెట్టుగా మిగిలి, 1960ల చివరికల్లా తయారీ ముగింపుకు వచ్చేసింది.

అయితే ఆ చివరి ఏళ్ళలోనే గుండ్రటి సెట్టు బాగుపడింది! ట్యూబు మొత్తం గాజుది కావడంతో గాలి దూరే బాధ తగ్గింది. 1964 ప్రాంతంలో యూరోపియం అనే మూలకం కలిపిన కొత్త ఎరుపు పూత కనిపెట్టారు, బొమ్మ వెలుగు పెరిగింది. సెట్టు వేయగానే దానంతటదే అయస్కాంతం తీసేసుకునే ఏర్పాటు వచ్చింది. పదేళ్ళుగా అదే ట్యూబును, ఇంచుమించు అదే అమరికను బాగుచేసీ చేసీ మెకానిక్‌లకు ప్రతి జబ్బూ తెలిసిపోయింది. పాత టీవీలు సేకరించి బాగుచేసేవాళ్ళు ఇప్పటికీ ఈ 1960ల నడిమి గుండ్రటి సెట్లను ఇష్టంగా తెచ్చుకుంటారు. వాటిలో ఇంకా నడిచేవి ఉన్నాయి.

వాటికి వచ్చే ఒక ముసలితనపు జబ్బు గురించి చెప్పాలి. ట్యూబు ముందు భద్రత కోసం ఇంకో అద్దాన్ని జిగురుతో అతికించేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జిగురు చెడి, అంచుల నుంచి తెల్లటి మచ్చలు లోపలికి పాకుతాయి. దాన్ని బాగుచేసేవాళ్ళు "కంటి శుక్లం" అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. వేడి చేసి ముందు అద్దం ఊడదీసి, జిగురు గీకేసి, మళ్ళీ అతికిస్తారు. ఇది చదివి వినిపిస్తే రెండేళ్ళ కిందట శుక్లం ఆపరేషన్ చేయించుకున్న మా అవ్వ, "మరి దాన్నెందుకు పారేయలే వాళ్ళు?" అంది. చూసేందుకు లోపలి కన్ను బాగుంది కాబట్టి అన్నాను. "అదీ" అంది.

నాకు ఇక్కడ తోచింది ఇది. ఒక యంత్రం కొత్తగా ఉన్నప్పుడు అందరూ దాన్ని నమ్ముతారు, కానీ అప్పుడది నమ్మదగినది కాదు. దాని లోపాలన్నీ తెలిసి, సరిచేసి, నమ్మదగినదిగా తయారయ్యేసరికి జనం ఇంకోదాని దగ్గరికి పోయుంటారు. గుండ్రటి తెర జీవితం అంతా ఇదే. మా ఇంటి టీవీది కూడా ఇదే కథేమో అని అనుమానం వచ్చింది.

మన వైపుకు టీవీ ఎట్లా వచ్చింది?

గుండ్రటి కలర్ సెట్టు మన దేశపు ఇళ్ళకు రాలేదు. మన దగ్గర టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనా చాలాకాలం ఆ ఊరు దాటలేదు. మన వైపు పల్లెలకు అది మొదట వచ్చింది 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు నడిచిన సైట్ ప్రయోగంతో. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. సెట్లు నలుపు తెలుపువి, ఊరంతటికీ కలిపి ఒకటి. ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ధ్వని మార్గాలు పంపగలిగేది. అంటే ఒకే బొమ్మను రెండు భాషల్లో వినే వీలు. అది చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా ఇంట్లో అన్నం గిన్నె ఒకటే, దాన్ని అడిగే మాటలు రెండు.

ఆ ప్రయోగంలో సెట్టు పెట్టడం ఎంత పనో, చెడిపోయిన సెట్టును బాగుచేయడం అంత పని అని ముందే గుర్తించి, దానికి వేరే సిబ్బందిని ఏర్పాటు చేశారు. మరమ్మతు మనిషి లేని యంత్రం పల్లెలో నిలబడదని అప్పటికే తెలుసన్నమాట.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ ఈసీ టీవీ పేరుతో సెట్లు తయారుచేసేది. కలర్ ప్రసారాలు 1982లో, స్వాతంత్ర్య దినోత్సవం నాటి నుంచి, ఆ నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలతో ఊరూరా తెలిసిపోయాయి. అప్పటికి ప్రపంచంలో గుండ్రటి తెర పోయి పదేళ్ళు దాటింది. మూడు గన్‌లూ ఒకే వరసలో ఉండే కొత్త రకం ట్యూబులు వచ్చేశాయి. డజను మరలు తిప్పే పని వాటికి లేదు. అమెరికా వాళ్ళు పదిహేనేళ్ళు పడిన కష్టం ఫలితం మనకు తయారుగా అందింది. 1994లో ఉదయ టీవీ, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక మా ఊరిలాంటి సరిహద్దు ఊళ్ళలో ఒకే సెట్టులో రెండు భాషలూ కుదురుకున్నాయి.

మామ చెప్పిన పాఠం

మా ఊరి బస్టాండు పక్క సందులో టీవీలు బాగుచేసే మామ ఉన్నాడు. చుట్టం కాదు, వరస పెట్టి పిలుస్తాను. ఒకప్పుడు ఆయన షాపు ముందు టీవీలు వరసగా ఉండేవట. ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు ఉన్నాయి. ఆయన కొడుకు అదే షాపులో మొబైల్స్ చూస్తాడు. తెల్లగీత సంగతి చెప్పగానే మామ సెట్టు చూడకుండానే, "వర్టికల్ పోయింది పాపా" అన్నాడు.

ఇంటికి వచ్చి వెనక డొప్ప తీశాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. "కరెంటు తీసేసినా ట్యూబులో చార్జి ఉంటుంది. ఆడుతుండేటప్పుడు ఇరవై ఐదు వేల వోల్టులు దాకా పోతుంది. నువ్వు ఆడనే నిలబడు" అన్నాడు. చార్జి తీసేశాక బోర్డు తిప్పి చూపించాడు. ఒక ఐసీ కాలు దగ్గర సోల్డర్ చుట్టూ జుట్టంత సన్నటి నల్లటి వలయం. ఇరవై ఏళ్ళుగా వేడెక్కడం, చల్లారడం వల్ల సోల్డర్ చిట్లింది. డ్రై సోల్డర్ అన్నాడు. కిరణాన్ని పైకీ కిందికీ కదిలించే భాగానికి పని ఆగిపోయింది, అందుకే బొమ్మ గీతగా పడుకుంది. కాస్త సోల్డర్ పెట్టాడు. పావుగంట పని. 100 రూపాయలు తీసుకున్నాడు. బొమ్మ లేచి కూర్చుంది.

పదిహేను రోజులకు మళ్ళీ ఆగింది. ఈసారి మాట కూడా లేదు. మామ వచ్చి ఎల్‌ఓటీ పోయిందన్నాడు. ట్యూబుకు ఆ వేల వోల్టులు తయారుచేసి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అది. గుండ్రటి సెట్లలో కూడా ఎక్కువగా కాలిపోయే భాగాల్లో అదొకటి అని చదివాను కాబట్టి నాకు పాత చుట్టం కనపడినట్టు అనిపించింది.

"కొత్తది దొరకదా మామా?"

"యాడ దొరుకుతుంది? చేసేవాళ్ళే లేరు. నా అటక మీద ఇదే మోడల్ సెట్టు ఒకటుంది, ట్యూబు పోయింది దానిది. దాన్లోది పీకి దీనికి వేస్తా. ఇది కూడా పోతే ఇంక నా చేతిలో లేదు."

"ఈ టీవీ మంచిదేనా, చెడ్డదా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "మొదట్లో వచ్చిన కలర్ సెట్లు స్టెబిలైజర్ లేకుంటే బతికేవి కావు. సాయంత్రం వోల్టేజీ పడిపోతే బొమ్మ ముడుచుకునేది. తర్వాత తర్వాత వచ్చిన ఇట్లాంటివి 90 వోల్టులకూ ఆడతాయి, 270కీ ఆడతాయి. సెట్టు మంచిగా అయ్యేతలికి జనానికి వద్దైపోయింది. దీంట్లో తప్పు లేదమ్మా. దీనికి సామాను లేదు, నాకు పిల్లోడు ఈ పని నేర్చుకోలే. అంతే."

ఆయన ఒక్క ఇంగ్లీషు పుస్తకం చదవకుండా నా వ్యాసం సారాంశం చెప్పేశాడు. మన దేశంలో కలర్ పిక్చర్ ట్యూబులు చేసిన ఘాజియాబాద్ శామ్‌టెల్, మొహాలీ జేసీటీ లాంటి ఫ్యాక్టరీలలో ఇప్పుడు ఆ పని లేదు. పక్కనే తమిళనాడులో 2006 నుంచి ప్రభుత్వం కోటిన్నరకు పైగా 14 అంగుళాల కలర్ టీవీలు ఉచితంగా పంచింది. ట్యూబు టీవీకి అది చివరి పెద్ద పండగ అనుకోవచ్చు. ఆ తర్వాత పలకలాంటి టీవీలు చవకైపోయాయి.

మన్నిక, బాళికె, నమ్మకం

ఇంగ్లీషులో దీనికి వాడే మాటను మన పుస్తకాల్లో "విశ్వసనీయత" అంటారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. నాయన "మన్నిక" అంటాడు. అమ్మ "బాళికె" అంటుంది. తెలుగులో "మను" అంటే బతుకు. మనుగడ, మనికి అనే మాటలు దాని పిల్లలే. మన్నిక కూడా ఆ ఇంటి మాటలాగే వినబడుతుంది. కన్నడలో "బాళు" అంటే బతుకు, దాని నుంచి బాళికె. రెండు భాషలూ వస్తువు ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పడానికి బతుకు మాటనే దగ్గరకు తీసుకున్నాయి. బతికేది అన్నాక జబ్బు చేస్తుంది. జబ్బు చేయనిది మన్నికైనది కాదు, జబ్బు చేస్తే చూసేవాళ్ళు ఉన్నదే మన్నికైనది. గుండ్రటి సెట్లు ఈ రోజుకీ కొన్ని నడుస్తున్నాయంటే వాటికి ఇంకా చూసేవాళ్ళు ఉండడమే కారణం.

అవ్వ మాత్రం ఈ రెండు మాటలూ వాడదు. "ఈ టీవీ మీద నాకు నమ్మకం" అంటుంది. ఎందుకవ్వా అని అడిగితే ఇట్లా చెప్పింది: "ఈ బొడిపె నొక్కితే వస్తుంది. ఇది నొక్కితే పోతుంది. మీరంతా పొద్దున పోతే రాత్రికి వస్తారు. నేను ఎవర్ని పిలిచేది?"

అప్పుడు నాకు సిగ్గేసింది. నేను కొత్త టీవీ బొమ్మ బాగుంటుంది, కరెంటు తక్కువ తింటుంది, జాగా తక్కువ అని లెక్కలు చెప్తున్నాను. అవన్నీ నిజమే. కానీ అవ్వకు నమ్మకం అంటే యంత్రం చెడకపోవడం కాదు. తను ఎవరి మీదా ఆధారపడకుండా వాడుకోగలగడం. కొత్త టీవీ తెరిస్తే ఇంగ్లీషులో ఇరవై ఎంపికలు వస్తాయి. ఏదైనా ఒకటి తప్పు నొక్కితే నేను కాలేజీ నుంచి బస్సు దిగేదాకా ఆమె తెరవైపు చూస్తూ కూర్చోవాలి. చెడిపోని యంత్రమే, కానీ ఆమెకు పనికిరానిది.

చివరికి ఏం చేశాం

మామ అటక మీది ఎల్‌ఓటీ వేశాడు. అవ్వ టీవీ ఇప్పటికి నడుస్తోంది. ఎరుపు కొంచెం ఆలస్యంగా వస్తుంది, ట్యూబు వీక్ అవుతోందని మామ చెప్పాడు. దానికి మందు లేదు. సంక్రాంతికి నాయన కొత్త టీవీ కొన్నాడు. అది హాల్లో ఉంది, పాతది అవ్వ గదిలో ఉంది.

కొత్త టీవీలో నేను ఒక పని చేశాను. సెట్టింగుల్లో వెతికితే భాషల జాబితాలో తెలుగు ఉంది, కన్నడ కూడా ఉంది. ఒకదాన్నే ఎంచుకోవాలి. నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ, "తెలుగే పెట్టు. నాకు ఏది ఎక్కడుందో గుర్తుంటుంది. అత్తకు చదువుకుంటేనే తెలుస్తుంది" అంది. తెలుగు పెట్టాను. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి పోయి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. రోజూ కాసేపు నేర్పిస్తున్నాను. పాతది ఆగిపోయే రోజుకు కొత్తదాని మీద ఆమెకు నమ్మకం కుదరాలని నా ప్రయత్నం.

ఇక ఆ 200 రూపాయల మాట. పాత సామాన్లవాడికి ఇస్తే ఏం చేస్తారని మామను అడిగాను. మెడ దగ్గరున్న రాగి తీగచుట్ట కోసం ట్యూబును రాయితో పగలగొడతారు, గాజు రోడ్డు పక్కన పారేస్తారు అన్నాడు. ఆ గాజు మామూలు గాజు కాదు. లోపల పుట్టే ఎక్స్‌రేలు బయటికి రాకుండా అందులో సీసం కలుపుతారు. కలర్ ట్యూబు గరాటు భాగపు గాజు బరువులో ఐదో వంతుకు పైగా సీసపు ఆక్సైడే ఉంటుంది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పగలగొట్టే మనిషికి కూడా హానే, పాపం అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. మన దేశంలో ఈ-వ్యర్థాల నియమాలు 2012 మే నుంచి అమలులోకి వచ్చాయి, 2023 ఏప్రిల్ నుంచి వాటి కొత్త రూపం నడుస్తోంది. టీవీలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని నమోదైన రీసైక్లింగ్ వాళ్ళకే చేర్చాలి.

మా ఊరి పక్కన నాలుగు వేల ఏళ్ళ కిందటి బూడిద దిబ్బ ఉంది. పశువులు కాచుకునే ఆనాటి మనుషులు పేడ కాల్చగా మిగిలిన బూడిద అది. పండితులు వచ్చి చూసి పోతారు. వాళ్ళు వదిలిపోయిన దాని పక్కన మనం సీసపు గాజు వదిలిపోకూడదు అని నా కోరిక. అవ్వ టీవీ ఆగిపోయిన రోజున దాన్ని పగలకుండా చేర్చాల్సిన చోటికి నేనే చేరుస్తానని నాయనతో చెప్పాను. 200 రూపాయలు పోతే పోనీ అన్నాడు.

మిత్రులారా, మీ ఇళ్ళలో కూడా మంచం కిందో, అటక మీదో ఒక ట్యూబు టీవీ ఉంటుంది. దాన్ని మీరు విప్పొద్దు, ఎవరినీ పగలగొట్టనివ్వొద్దు. ఇంకో మాట. దాన్ని పారేసేముందు ఇంట్లో దాన్ని అందరికన్నా ఎక్కువగా చూసే మనిషెవరో గుర్తుచేసుకుని, కొత్తదాన్ని ఆ మనిషి ఒక్కతే వేసుకోగలదా అని ఒకసారి అడగండి.